ఆ మాట ఆమె చెవిన వేయండి!

నవ్వుతూ నమస్కారం పెడుతుంది. బెల్టు పెట్టుకోమంటుంది. భోజనం ట్రే అందిస్తుంది. గగనసఖి ఉద్యోగమంటే ఇంతే అనుకుంటాం మనలో చాలామందిమి. కానీ ఆమెను విమానంలో ఉంచేది అసలు వీటి కోసం కాదు. పొగ వచ్చినా, మంట లేచినా ప్రయాణికులను బయటపడేయాల్సింది ఆమే. అయితే ఆ పని ఆమె చేయాలంటే మనం చేయాల్సింది కూడా కొంత ఉంది. నిజామాబాద్, బోధన్‌ల నుంచి గల్ఫ్ విమానమెక్కే ప్రతి ఇంటివాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

2022 అక్టోబరు 12 రాత్రి. గోవా నుంచి హైదరాబాద్ వస్తోంది స్పైస్‌జెట్ వారి క్యూ400 విమానం. రెక్కలకు పంఖాలుండే చిన్న విమానమది. లోపల ఎనభై మందికి పైగా ఉన్నారు. ఇక శంషాబాద్‌లో దిగడమే తరువాయి అనుకుంటుండగా... పొగ! ప్రయాణికుల క్యాబిన్‌లోకీ పైలట్లు కూర్చునే కాక్‌పిట్‌లోకీ కమ్ముకుంది. పైలట్లు అత్యవసరంగా విమానాన్ని దించారు. ప్రయాణికులను అత్యవసర ద్వారాల గుండా బయటికి పంపించారు. శంషాబాద్‌కు రావాల్సిన మరికొన్ని విమానాలను వేరే ఊళ్లకు మళ్లించారు. కాలు గీరుకుపోవడం లాంటి చిన్న గాయం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజిన్ ఆయిల్ ఏసీ గాలి వచ్చే గొట్టాల్లోకి చేరడమే పొగకు కారణమని పౌర విమానయాన శాఖ డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, పరిశీలనలో తేలింది.

మర్నాడు పేపర్లో అది చిన్న వార్త. అందరూ క్షేమం కదా మరి! కానీ పొగ కనపడిన క్షణం నుంచి కాలు నేల మీద పెట్టేవరకూ విమానం లోపల జరిగే పని చిన్నది కాదు.

మనూరి నుంచి ఆ మెట్ల దాకా

నిజామాబాద్‌కు విమానాశ్రయం లేదు. జక్రాన్‌పల్లిలో కడతారన్న మాట ఏళ్ల తరబడి వింటున్నదే. అయినా విమానంతో ఈ జిల్లాకున్నంత చుట్టరికం ఇంకెన్ని జిల్లాలకుంది? ఆర్మూర్, బాల్కొండ, భీంగల్, బోధన్... ఏ ఊరికి వెళ్లినా దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, కువైట్‌లోనో ఒకరున్న ఇల్లు కనిపిస్తుంది. ఒకప్పుడు బొంబాయి వెళ్లి అక్కడ విమానమెక్కేవారు. తర్వాత బేగంపేట. 2008 మార్చి నుంచి శంషాబాద్.

బోధన్ కథ ఇంకొంచెం వేరు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ నీడన బతికిన పట్టణమది. శక్కర్‌నగర్‌లో ఉద్యోగమంటే పిల్లనిచ్చేవాళ్లు క్యూ కట్టిన రోజులుండేవి. 2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 చివర్లో లేఆఫ్ నోటీసు అంటించారు. చెరుకు బండ్లు ఆగిపోయాయి. పని కోసం చూసిన చూపులు ఎడారి దేశాల వైపు మళ్లాయి.

అలా వెళ్లేవారిలో చాలామందికి అదే తొలి విమానం. చేతిలో పాస్‌పోర్టు, వీసా కాగితాలున్న ప్లాస్టిక్ కవరు. తాడు కట్టిన అట్టపెట్టె మీద మార్కర్‌తో రాసిన పేరు, ఊరు. పెట్టెలో మామిడి తొక్కు, సకినాలు. గుండెలో దడ. సీట్లో కూర్చోగానే ఎదురుగా ఒకమ్మాయి నిలబడి చేతులు అటూ ఇటూ తిప్పుతూ ఏదో చెబుతుంటుంది. మాట ఇంగ్లిషులోనో, అరబ్బీలోనో, హిందీలోనో ఉంటుంది. తెలుగు వినపడేది తక్కువ. దాంతో అర్థం కాని పాఠంలా అది అలా వెళ్లిపోతుంది. కానీ ఆ రెండు మూడు నిమిషాల పాఠమే ప్రాణం ఖరీదు చేసేది!

ట్రే వెనక ఉన్న అసలు ఉద్యోగం

మన దేశ నిబంధనల ప్రకారం విమానంలో ప్రతి 50 సీట్లకు కనీసం ఒక క్యాబిన్ సిబ్బంది ఉండాలి. భోజనాలు వడ్డించడానికి ఇంతమంది కావాలని పెట్టిన లెక్క కాదది. ప్రమాదం వస్తే తలుపులు తెరిచి జనాన్ని దించడానికి పెట్టిన లెక్క. భోజనం పెట్టని విమానంలోనూ వాళ్లుండి తీరాలి.

కొత్త రకం విమానం ఆకాశంలోకి రావాలంటే ఓ పరీక్ష నెగ్గాలి. చీకట్లో, సగం తలుపులు మాత్రమే వాడుతూ, విమానం నిండా ఉన్న జనం 90 సెకన్లలో నేలకు దిగిపోగలరని నిరూపించాలి. ఒకటిన్నర నిమిషం! మంట అంటుకున్న విమానంలో అంతకంటే ఎక్కువ సమయం దొరుకుతుందన్న హామీ లేదు కాబట్టే ఆ లెక్క.

విమానం పైకి లేచేటప్పుడు తలుపు పక్కన మడత సీట్లో కూర్చున్న గగనసఖిని ఈసారి గమనించండి. వీపు నిటారుగా ఆనించి, చేతులు తొడల కింద పెట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. ఏదో ఆలోచిస్తున్నట్లుంటుంది. నిజంగానే ఆలోచిస్తోంది! ‘ఇప్పుడు ప్రమాదం జరిగితే నా తలుపు ఏది? దాన్నెలా తెరవాలి? మంటలార్పే సిలిండర్ ఎక్కడుంది? నా దగ్గర్లో ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు ఎవరున్నారు?’ అని మనసులోనే పాఠం వల్లె వేసుకుంటుంది. ప్రతి టేకాఫ్‌కూ, ప్రతి ల్యాండింగ్‌కూ ఇదే తంతు. ఎగిరాక 3 నిమిషాలు, దిగేముందు 8 నిమిషాలు... ఈ పదకొండు నిమిషాలే గండమని విమానరంగంలో ఓ నానుడి ఉంది మరి.

దిగేముందు కిటికీ రేకు పైకెత్తమని వెంటపడి మరీ చెబుతుంది కదా... అది మనకు ఊరు చూపించడానికి కాదు. బయట మంట ఏ పక్కనుందో లోపలి నుంచి కనపడటానికి! రాత్రిపూట దీపాలు తగ్గించేది మన కళ్లు చీకటికి అలవాటు పడటానికి. ముందున్న ట్రే మడవమనేది దారికి అడ్డం లేకుండా ఉండటానికి. ప్రతి చాదస్తం వెనకా ఓ ప్రమాదం నేర్పిన పాఠముంది.

ఏదైనా తేడా వస్తే ఆమె కాక్‌పిట్‌కు ఫోన్ చేస్తుంది. కెప్టెన్ ఆమెకు నాలుగే విషయాలు చెబుతాడు. ఏమైంది? ఏం చేయబోతున్నాం? ఎంత సమయముంది? ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా? ఆమె అవే మాటలు తిరిగి అప్పజెబుతుంది. పొరపాటున విని పొరపాటు పని చేయకుండా ఈ జాగ్రత్త.

చెప్పని మాట... పోయిన ప్రాణాలు

ఇదంతా సరే. కానీ తేడా వచ్చిందని ముందుగా తెలిసేది ఎవరికి? చాలాసార్లు పైలట్‌కు కాదు. ఆయన ముందు వైపు కూర్చుంటాడు. చాలా విమానాల్లో తన సీట్లోంచి చూస్తే ఇంజిన్ కనపడదు. రెక్క కూడా సరిగా కనపడదు. కిటికీ పక్కన కూర్చున్న మీకు కనపడుతుంది!

1989 మార్చి 10. కెనడాలోని డ్రైడెన్ పట్టణం. ఎయిర్ ఒంటారియో విమానం 69 మందితో టేకాఫ్‌కు సిద్ధమైంది. మంచు కురుస్తోంది. రెక్కల మీద పేరుకుంటోంది. రెక్క మీద మంచుంటే విమానం సరిగా పైకి లేవదు. ఆ సంగతి తెలిసిన వేరే పైలట్లు కూడా ఆ రోజు ప్రయాణికులుగా అందులోనే ఉన్నారు. క్యాబిన్ సిబ్బందిలో ఒకామె కూడా మంచును చూసింది. అయినా ఎవరూ కాక్‌పిట్ తలుపు తట్టలేదు. ‘పైలట్లకు తెలియదా? మనం చెబితే ఏమనుకుంటారో?’ అన్న మొహమాటం. విమానం లేచీలేవకుండానే అడవిలో కూలిపోయింది. 24 మంది చనిపోయారు. బతికి బయటపడ్డ ఆ ఉద్యోగిని తర్వాత విచారణ కమిషన్ ముందు ఈ సంగతే చెప్పింది.

దానికి రెండు నెలల ముందు, 1989 జనవరి 8న ఇంగ్లండులో ఇంకో ఘోరం. బ్రిటిష్ మిడ్‌లాండ్ విమానంలో ఎడమ ఇంజిన్ దెబ్బతింది. పైలట్లు పొరపాటున కుడి ఇంజిన్ ఆపేశారు. ‘కుడి ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చింది’ అని కెప్టెన్ మైకులో చెప్పాడు. ఎడమ పక్క నిప్పురవ్వలు చూసిన ప్రయాణికులు ‘అదేంటి?’ అని తెల్లబోయారు. అంతే... నోరు తెరవలేదు. వెనక ఉన్న సిబ్బందిలోనూ కొందరు ఎడమవైపు మంటలు చూశారు. ఆ సమాచారమూ కెప్టెన్‌కు చేరలేదు. కెగ్‌వర్త్ దగ్గర, రన్‌వే ఇంకాస్త దూరం ఉందనగా విమానం రోడ్డు గట్టును ఢీకొంది. 126 మందిలో 47 మంది ప్రాణాలు పోయాయి.

మాట చెప్పినా వినకపోతే? అదీ చూశాం. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో గుట్ట మీది రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో ఎనిమిది మందే మిగిలారు. ‘గో అరౌండ్’ అంటే దిగొద్దు, మళ్లీ పైకి లేపమని కోపైలట్ చెప్పిన సంగతి రికార్డుల్లో బయటపడింది. గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇల్లూ ఆ రోజు టీవీ ముందు నుంచి కదల్లేదు.

ఇలాంటి అనుభవాల వల్లే శిక్షణ తీరు మారుతూ వచ్చింది. పైలట్లతో పాటు క్యాబిన్ సిబ్బందినీ ఒకే జట్టుగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పడం మొదలైంది. దీన్నే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. దాని సారాంశం మన భాషలో చెప్పాలంటే ఇంతే: అనుమానం వచ్చిందా... చెప్పు. చిన్నవాడు చెప్పినా పెద్దవాడు విను. చక్కెర మిల్లులో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. బాయిలర్ దగ్గర తేడా చప్పుడు వినపడితే హెల్పరైనా పరుగెత్తుకెళ్లి ఫోర్‌మన్‌కు చెబుతాడు. ‘పెద్దోళ్లకు మనం చెప్పేదేంది’ అని ఊరుకోడు. విమానంలోనూ అంతే!

ఒక్క బీడీ ముక్క చాలు

బీడీలు చుట్టే చేతులకు నిజామాబాద్ పెట్టింది పేరు. భార్య ఇక్కడ బీడీల చాట ముందు, భర్త అక్కడ ఎడారిలో... ఎన్నో ఇళ్ల కథ ఇది. నాలుగు గంటలు పొగ లేకుండా ఉండలేక బాత్‌రూంలోకి దూరి దమ్ము కొట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఈ ముచ్చట చెప్పండి.

1973 జులై 11న బ్రెజిల్ నుంచి పారిస్ వస్తున్న వారిగ్ సంస్థ విమానంలో, బాత్‌రూం చెత్తడబ్బాలో మంట పుట్టింది. ఆర్పని సిగరెట్ ముక్కే కారణమై ఉంటుందని తేల్చారు. విమానాశ్రయానికి కాస్త దూరంలో పొలాల్లో దింపారు గానీ, అప్పటికే పొగ పీల్చి లోపలివాళ్లు పోయారు. 134 మందిలో 123 మంది!

1983 జూన్ 2న ఎయిర్ కెనడా విమానంలోనూ వెనక బాత్‌రూం వైపు నుంచే పొగ వచ్చింది. కారణం ఇదీ అని తేలలేదు. అక్కడి సిబ్బంది చేసిన పని మాత్రం ఇప్పటికీ పాఠంగా చెబుతారు. వెనక కూర్చున్నవాళ్లను ముందు సీట్లలోకి మార్చారు. తడి తువ్వాళ్లు పంచి ముక్కుకు అడ్డం పెట్టుకోమన్నారు. తలుపుల దగ్గర కూర్చున్నవాళ్లకు తలుపు ఎలా తీయాలో నేర్పారు. విమానం సిన్సినాటిలో దిగింది. తలుపులు తెరిచాక ఒకటి ఒకటిన్నర నిమిషంలోనే లోపలంతా భగ్గుమంది. 46 మందిలో సగం మంది బయటపడ్డారు. సగం మంది మిగల్లేదు. బాత్‌రూముల్లో పొగను పసిగట్టే యంత్రాలు, చీకట్లో దారి చూపేలా నేల మీద దీపాలు నిబంధనల్లోకి వచ్చింది ఆ తర్వాతే.

ఇప్పుడు బీడీ కంటే పెద్ద భయం ఇంకొకటి వచ్చింది. పవర్‌బ్యాంక్! 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో, ఇంకా నేల మీదే ఉన్న ఎయిర్ బుసాన్ విమానంలో తలపైని సామాన్ల అరలో మంట లేచింది. 176 మందీ బయటపడ్డారు. విమానం పైకప్పు మాత్రం కాలిపోయింది. పవర్‌బ్యాంకే కారణం కావచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. ఆ మార్చి నుంచే అక్కడ పవర్‌బ్యాంక్‌ను పై అరలో పెట్టకూడదన్న నిబంధన వచ్చింది. దుబాయ్ ఎమిరేట్స్ సంస్థ కూడా 2025 అక్టోబరు 1 నుంచి తమ విమానాల్లో పవర్‌బ్యాంక్ వాడకాన్నే నిషేధించింది. మనిషికి ఒక్కటే, అదీ 100 వాట్‌అవర్ల లోపుది, చేతికందేలా దగ్గరే పెట్టుకోవాలి.

సెల్‌ఫోనో, పవర్‌బ్యాంకో వేడెక్కి పొగలు కక్కితే గగనసఖి ముందు సిలిండర్‌తో మంట ఆర్పుతుంది. తర్వాత నీళ్లు పోస్తూనే ఉంటుంది. బ్యాటరీ లోపలి వేడి తగ్గకపోతే మళ్లీ అంటుకుంటుంది మరి. ఆమెకు కావాల్సిందల్లా ఆలస్యం లేకుండా సంగతి తెలియడమే!

బ్యాగు ముఖ్యమా... బతుకు ముఖ్యమా?

2016 ఆగస్టు 3. తిరువనంతపురం నుంచి 282 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బందితో వచ్చిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ రన్‌వే మీద పొట్టతో జారుకుంటూ పోయి ఆగింది. మంటలు. పొగ. లోపల కొందరు పై అరలు తెరిచి బ్యాగులు దించుకుంటున్నారు! ‘సామాన్లు వదిలేయండి, దూకండి’ అంటూ సిబ్బంది కేకలు పెట్టడం ఒక ప్రయాణికుడు తీసిన వీడియోలో ప్రపంచమంతా విన్నది. గాలికి కొన్ని జారుడుబల్లలు పనికిరాకుండా పోయాయి. అయినా మొత్తం 300 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. విమానం ఆగిన తొమ్మిది నిమిషాలకు ఇంధన ట్యాంకు పేలింది. మంటలార్పుతున్న ఫైర్‌మన్ ఒకరు ప్రాణాలొదిలారు. ఆ పేలుడు సమయానికీ లోపలే ఉన్న ఇద్దరు... కెప్టెన్, క్యాబిన్ సిబ్బంది పెద్ద. ఎవరైనా మిగిలారేమోనని వెతికి, ఆఖరున దూకింది వాళ్లే.

బ్యాగులో ఏముంటుందో మనకు తెలియనిది కాదు. రెండేళ్ల కష్టం, పాస్‌పోర్టు, పిల్లలకు కొన్న బొమ్మలు, చెల్లి పెళ్లికి దాచిన బంగారం. ఆశ ఉంటుంది, కాదనలేం. కానీ ఒకరు బ్యాగు దించుకునే పది సెకన్లు వెనకున్న వరసంతా ఆగిపోతుంది. 90 సెకన్లలో పది సెకన్లంటే ఎన్ని ప్రాణాలు?

2024 జనవరి 2న టోక్యో హనెడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీదున్న తీరరక్షక దళ విమానాన్ని ఢీకొని నిప్పుల ముద్దయింది. ఆ చిన్న విమానంలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలోని 379 మంది మాత్రం ఒక్కరూ తగ్గకుండా బయటికొచ్చారు. మైకులు పనిచేయలేదు. తొమ్మిది మంది క్యాబిన్ సిబ్బంది మెగాఫోన్లతో, గొంతులతోనే నడిపించారు. ఎనిమిది తలుపుల్లో బయట మంట లేని మూడింటినే తెరిచారు. వెనక తలుపు దగ్గరున్న ఉద్యోగినికి కాక్‌పిట్‌తో మాట కలవకపోతే సొంత నిర్ణయంతో తెరిచింది. ప్రయాణికులు దాదాపు ఎవరూ సామాన్లు ముట్టుకోలేదు. సిబ్బంది చెప్పింది, జనం విన్నారు. అదే వాళ్లను కాపాడింది.

విమానమెక్కే ముందు ఇంట్లో చెప్పుకోవాల్సినవి

* సీట్లో కూర్చోగానే ముందూ వెనకా దగ్గరి తలుపు ఎన్ని వరసల దూరంలో ఉందో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు కనపడవు. చేత్తో సీట్లు తడుముకుంటూ లెక్కమీదే వెళ్లాలి.

* ముందు సీటు జేబులో బొమ్మల కార్డు ఉంటుంది. భాష రాకపోయినా అర్థం కావాలనే బొమ్మలు వేశారు. ఒకసారి చూడండి.

* లైఫ్‌జాకెట్ విమానం లోపల ఊదొద్దు. తలుపు దాటేటప్పుడే. 1996 నవంబరు 23న కొమొరో దీవుల దగ్గర సముద్రంలో దిగిన ఇథియోపియా విమానంలో, లోపలే ఊదుకున్నవాళ్లు ఎందరో పైకప్పుకు తేలిపోయి బయటికి రాలేకపోయారు. గల్ఫ్ దారి అరేబియా సముద్రం మీదుగానే!

* పవర్‌బ్యాంక్ లగేజీ పెట్టెలో వేయకూడదు. చేతిసంచిలోనే ఉండాలి. సాధారణంగా 20,000 ఎంఏహెచ్ వరకూ 100 వాట్‌అవర్ల లోపే ఉంటుంది. ఫోన్ సీటు సందులో పడితే సీటు జరిపి వెతక్కండి. నలిగితే మంటే. సిబ్బందిని పిలవండి.

* పాస్‌పోర్టు, వీసా కాగితాలు పై అరలో కాకుండా ఒంటిమీదే, జేబులోనో నడుముకు కట్టిన పర్సులోనో ఉంచుకోండి. అప్పుడు బ్యాగు వదలడానికి మనసు వెనకాడదు.

* పొగ, కాలిన వాసన, నిప్పురవ్వలు, రెక్క మీదినుంచి ధారగా కారే నూనె, కొత్త చప్పుడు... ఏది కనపడినా, వినపడినా తల మీద గంట బటన్ నొక్కండి. ఎవరూ రాకపోతే లేచి వెళ్లి చెప్పండి.

భాష రాదని భయమా? మన నిజామాబాద్, బోధన్‌లలో ఉర్దూ ముక్కలు రాని మనిషెవరు? ‘మేడమ్, ఉధర్ ధువా’ అని వేలు చూపించినా చాలు. మీరు చూసింది ఏమీ కాకపోవచ్చు. రెక్క చివర ఆవిరే కావచ్చు. అప్పుడు ఆమె నవ్వి ‘పర్వాలేదు’ అని వెళ్తుంది. అంతకు మించి పోయేదేం లేదు. చెప్పకపోతే పోయేదేంటో డ్రైడెన్ చెప్పింది, కెగ్‌వర్త్ చెప్పింది.

శంషాబాద్ వెళ్లే బండి ఎక్కించేముందు అమ్మ ఎలాగూ ‘పోంగనే ఫోన్ చెయ్యి బిడ్డా’ అంటుంది. ఈసారి ఇంకో మాట కూడా కలపమనండి.

‘ఏమన్నా కనవడితే ఊకోకు. ఆ మేడమ్‌కు చెప్పు!’